గీత ఇవతల నిలబడ్డవాడు

1994 జూలై 17. అమెరికాలోని పాసడీనా నగరంలో ప్రపంచకప్ ఫుట్‌బాల్ ఫైనల్. బ్రెజిల్, ఇటలీ తలపడుతున్నాయి. ఆట మొదలై అరగంటైనా కాకముందే బ్రెజిల్ డిఫెండర్ జోర్జిన్హో గాయపడి బయటికి రావాల్సి వచ్చింది. ఆయన స్థానంలో 24 ఏళ్ల కఫు మైదానంలోకి దిగాడు. నాలుగు రోజుల క్రితం సెమీఫైనల్‌లో స్వీడన్‌ మీద రొమారియో తలతో కొట్టిన ఏకైక గోల్‌కు బంతి అందించింది ఈ జోర్జిన్హోయే. అలాంటివాడు తన జీవితంలోని అతి పెద్ద ఆటను గీత ఇవతల కూర్చుని చూశాడు. పెనాల్టీ షూటౌట్‌లో బ్రెజిల్ 3-2తో గెలిచింది. ఆయనకూ పతకం దక్కింది కానీ ఆ విజయం కోసం చివరిదాకా పరుగెత్తింది ఇతరులు. ఆ కఫుయే 2002లో కెప్టెన్‌గా ప్రపంచకప్ ఎత్తాడు.

జోర్జిన్హో క్రీస్తుయేసునందలి తన విశ్వాసాన్ని దాచుకోని ఆటగాడు. 1991లో ఫిఫా ఫెయిర్‌ప్లే పురస్కారం పొందాడు. జర్మనీలో, జపాన్‌లో పేరు తెచ్చుకున్నాడు. ఆట మానేశాక, 2006లో, రియో డి జనీరోలో తాను మొదట ఆడిన క్లబ్‌లోనే కోచ్‌గా మారాడు. 1994లో గాయం వల్ల వచ్చిన చోటు ఇప్పుడు ఆయన ఎంచుకున్న పని అయ్యింది. కోచ్ ఎంత గొప్పవాడైనా ఆట సాగుతుండగా గీత దాటి బంతిని తాకకూడదు. తనకు తెలిసినదంతా ఇంకొకరి కాళ్లలో పని చేయాలి.

అదే ఏడాది ఆయన జాతీయ జట్టు కోచ్ డుంగాకు సహాయకుడయ్యాడు. 2007లో కోపా అమెరికా, 2009లో కాన్ఫెడరేషన్స్ కప్ వచ్చాయి. 2010 ప్రపంచకప్ క్వార్టర్ ఫైనల్‌లో నెదర్లాండ్స్ చేతిలో 2-1తో ఓడగానే ఇద్దరి పదవులూ పోయాయి. గెలిస్తే పేరు ఆటగాళ్లది, ఓడితే నింద కోచ్‌ది. ఇది తెలిసీ ఆయన ఆ పని వదల్లేదు. 2015లో అట్టడుగున ఉన్న వాస్కోడగామా క్లబ్‌ బాధ్యత తీసుకున్నాడు. ఆ జట్టు రెండో డివిజన్‌కు పడిపోయింది. అయినా ఆయన దాన్ని విడిచి వెళ్లలేదు. మరుసటి ఏడాది అదే జట్టు ఒక్క ఆటా ఓడకుండా రియో రాష్ట్ర టైటిల్ గెలిచి, తిరిగి మొదటి డివిజన్‌కు ఎక్కింది.

ఇది చదువుతుంటే మనకు రెఫీదీము గుర్తొస్తుంది. లోయలో అమాలేకీయులతో కత్తి పట్టి పోరాడింది యౌవనుడైన యెహోషువ. మోషే కొండ శిఖరం మీద దేవుని కర్ర పట్టుకుని చేతులెత్తి నిలిచాడు. ఆ చేతులు బరువెక్కితే అహరోను, హూరు ఆదుకున్నారు. ఐగుప్తులో ఫరో ఎదుట నిలబడ్డ మోషేకు ఆ రోజు యుద్ధానికి తానే దిగాలనిపించలేదా? కానీ ఆయన యెహోషువను పంపాడు. చివరికి ఆ యెహోషువ మీదే చేతులుంచి, తాను అడుగుపెట్టలేని దేశానికి ప్రజలను అప్పగించాడు.

మన సంఘాల్లో ఈ అప్పగింత ఎంత కష్టమో మనకు తెలుసు. ముప్పై ఏళ్లుగా పాటలు నడిపించినవారికి మైకు వదలబుద్ధి కాదు. కుర్రవాడు ప్రసంగంలో తడబడితే ప్రోత్సహించడానికి బదులు, "మా కాలంలో అయితేనా" అంటాం. సండే స్కూల్ పిల్లలు ఎదిగి పెద్దవాళ్లవుతారు, వాళ్లకు బాధ్యత మాత్రం ఇవ్వం. మనం లేని రోజున సంఘానికి ప్రసంగించేవారు, ప్రార్థించేవారు లేకపోతే ఆ లోటు ఎవరిది? పరిచర్య మనది కాదు, ప్రభువుది. ఆయన కూడా పన్నెండుమందిని దగ్గర ఉంచుకుని, నేర్పి, తడబడే ఆ మనుషుల చేతికే సువార్తను అప్పగించి వెళ్లాడు.

వేదిక దిగినవారి పరిచర్య ముగిసిపోలేదు. వయసు మీద పడ్డ పెద్దలారా, మీ అనుభవం సంఘానికి కావాలి. వచ్చే ఆదివారం ఒక యౌవనస్తుణ్ని ముందుకు పంపండి. అతను తడబడితే నవ్వకండి. అతని కోసం చేతులెత్తండి, పొద్దుగుంకేవరకూ దించకండి.