బ్యాకప్ ఉందిగా అనుకుంటే సరిపోదు

జపాన్‌లోని క్యోటో యూనివర్సిటీలో 2021 డిసెంబర్‌లో రెండు రోజుల్లోపే 77 టెరాబైట్ల పరిశోధన డేటా చెరిగిపోయింది. దాదాపు 3.4 కోట్ల ఫైళ్లు. హ్యాకర్ల పని కాదు. సూపర్ కంప్యూటర్‌కు బ్యాకప్ తీయాల్సిన ప్రోగ్రామే తుడిచేసింది! పాత లాగ్ ఫైళ్లను తొలగించడం కూడా దాని డ్యూటీ. అది నడుస్తుండగానే దాని మీద కొత్త వెర్షన్ వేశారు. దాంతో ఏ ఫోల్డర్‌లో తొలగించాలన్న వివరం ఖాళీ అయి, అసలు డేటా మీద పడింది. 14 పరిశోధన బృందాలు నష్టపోతే, వాటిలో నాలుగింటి ఫైళ్లను తిరిగి తేలేకపోయారు.

అంత పెద్ద సంస్థకే ఇలా అయితే, ల్యాప్‌టాప్, పెన్‌డ్రైవ్ ఒకే బ్యాగులో పెట్టుకుని తిరిగే పీహెచ్‌డీ విద్యార్థి సంగతేంటి? బ్యాగు పోతే రెండూ పోతాయి. అందుకే మూడు కాపీలు, రెండు రకాల పరికరాల్లో, ఒకటి వేరే చోట ఉండాలంటారు. ఆ వేరే చోటు కాపీ ఎప్పుడూ కంప్యూటర్‌కు తగిలించి ఉండకూడదు. నెలకోసారి అందులోంచి ఫైళ్లు తెరిచి చూడాలి. చాలామంది ఇదే చెయ్యరు.

ఇంటింటికీ తిరిగి చేసిన సర్వే అయితే ఇంకో చిక్కుంది. కాపీలు పెరిగేకొద్దీ జనం చెప్పిన విషయాలు బయటపడే దారులూ పెరుగుతాయి. జవాబుల ఫైల్లో పేర్లకు బదులు నంబర్లే వేసి, ఎవరిది ఏ నంబరో చెప్పే జాబితాను విడిగా పాస్‌వర్డ్ పెట్టి దాచాలి.