మిల్లు పోయి మాల్ వచ్చె.. గోదాముకు గుమ్మాలెన్ని?

నరసరావుపేట: పత్తి బేళ్ల కోసం కట్టిన గోదాములో పెళ్లి చేయవచ్చు, బట్టల దుకాణం పెట్టవచ్చు, పిల్లల ఆటశాల నడపవచ్చు. పట్టణాలు పెరిగే కొద్దీ ఒకప్పుడు ఊరి వెలుపల కట్టిన జిన్నింగ్ మిల్లులు, గిడ్డంగులు ఊరి నడుమకు వచ్చి చేరుతాయి. పత్తి పని ఏడాదిలో కొద్ది నెలలే. మిగిలిన కాలం తాళం పడి ఉండే అంతటి స్థలంపై వ్యాపారుల కన్ను పడటం సహజం. అయితే సరకు కోసం కట్టిన భవనంలోకి మనుషులను రప్పించే ముందు మార్చవలసినవి చాలా ఉన్నాయి.

గోదాముకున్న ఆకర్షణ దాని నిర్మాణమే. ఇనుప దూలాలపై ఎత్తుగా రేకులు వేయడం వల్ల నడుమ స్తంభాలు తక్కువ. లారీ తిరిగేంత ఆవరణ, రహదారి పక్కన స్థలం, లోపల ఎలాగైనా మార్చుకోదగిన ఖాళీ ఉంటాయి. కొత్తగా కట్టడం కన్నా ఖర్చు తగ్గుతుంది. చిక్కు కూడా ఆ నిర్మాణంలోనే ఉంది. దొంగల భయంతోనూ, వాన జల్లు పడకుండానూ కిటికీలు తక్కువ పెడతారు. లారీకి సరిపడా పెద్ద ద్వారం ఒకటో రెండో ఉంటాయి, అవీ చాలావరకు షట్టర్లే. పత్తి బేలు పరుగెత్తదు కనుక వాటికి అంతకన్నా అవసరం లేదు. రేకుల వేడిని తగ్గించేందుకు వేసే ఫోమ్ పలకలు, అలంకరణ తెరలు, వాటి వెనుక సాగే విద్యుత్ తీగలు కలిస్తే నిప్పు క్షణాల్లో పాకుతుంది.

ఈ మార్పు మన దేశంలో అందరికీ తెలిసేలా జరిగిన చోటు ముంబయి. అక్కడి మిల్లులతో తెలుగువారికి పాత బంధమే ఉంది. తెలంగాణ నుంచి వలస వెళ్లిన పద్మశాలీలు ఎందరో ఆ మగ్గాలపై పనిచేశారు. 1982 జనవరి 18న దత్తా సామంత్ నాయకత్వంలో సుమారు రెండున్నర లక్షల మంది కార్మికులు సమ్మెకు దిగారు. ఆ తరువాత పలు మిల్లులు తిరిగి కోలుకోలేదు. లోయర్ పరేల్‌లో 1905లో వెలసిన ఫీనిక్స్ మిల్లు ఆవరణలోకి 1990ల చివర బౌలింగ్ ఆటశాల వచ్చింది, ఆపై దుకాణాలు, భోజనశాలలు వెలిశాయి. పాత పొగగొట్టాన్ని మాత్రం కూల్చక దుకాణాల నడుమ గుర్తుగా ఉంచారు.

మిల్లు స్థలాలను మూడు వాటాలు చేసి, ఒకటి నగరానికి ఖాళీ స్థలంగా, ఒకటి ప్రభుత్వ గృహ నిర్మాణానికి, మూడోది యజమానికి చెందాలని 1991లో మహారాష్ట్ర నిబంధన తెచ్చింది. 2001లో చేసిన సవరణతో ఆ పంపకం భవనాలు లేని ఖాళీ జాగాకే పరిమితమైంది. దాంతో నగరానికి దక్కవలసిన భాగం బాగా తగ్గింది. వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లగా 2006లో సవరణే నిలిచింది. ఒక్క మాట మార్పుతో ఎంత భూమి చేతులు మారుతుందో చెప్పడానికి ఇంతకు మించిన ఉదాహరణ దొరకదు.

ఇక ప్రాణాల సంగతి. అదే లోయర్ పరేల్‌లోని కమలా మిల్స్ ఆవరణలో 2017 డిసెంబరు 29 తెల్లవారకముందే మిద్దెపై నడిచే పబ్బులో మంటలు చెలరేగి 14 మంది మరణించారు. బయటపడే దారి లేక మరుగుదొడ్డిలోకి పరుగెత్తిన వారిలో పలువురు పొగకే బలయ్యారు. 2024 మే 25న గుజరాత్‌లోని రాజ్‌కోట్‌లో రేకుల షెడ్డులో నడిచిన గేమ్‌జోన్ తగలబడి పాతిక మందికి పైగా కన్నుమూశారు. వెల్డింగ్ నిప్పురవ్వలే కారణమని, అగ్నిమాపక శాఖ అనుమతి లేదని అనంతరం తేలింది. సెలవుల్లో ఆటకు వెళ్లిన పిల్లలు కూడా మృతుల్లో ఉన్నారు.

మన రాష్ట్రంలో ఈ విషయమై 1999 నాటి అగ్నిమాపక సేవల చట్టం ఉంది. వాణిజ్య భవనం 15 మీటర్లు, అంతకు మించి ఎత్తుంటే నిరభ్యంతర పత్రం తప్పనిసరి. అంత ఎత్తు లేదు కదా అని గోదాము యజమాని నిశ్చింతగా ఉండటానికి వీల్లేదు. సినిమాహాలు, కల్యాణ మండపం వంటి జనం గుమికూడే చోటుకు లెక్క వేరు. స్థల విస్తీర్ణం 500 చదరపు మీటర్లు దాటినా, ఎత్తు 6 మీటర్లు మించినా పత్రం తీసుకోవలసిందే. బేళ్లు దొంతర పేర్చే గోదాములు సాధారణంగా ఈ కొలతలు దాటుతాయి. దీనికి తోడు పారిశ్రామిక అవసరానికి ఇచ్చిన పాత ప్లాను చెల్లదు. భూ వినియోగ మార్పు, కొత్త ప్లాను పట్టణ ప్రణాళికా విభాగం నుంచి పొందాలి.

మూతపడిన మిల్లులో పనిచేసినవారి మాట ఈ కాగితాల్లో ఎక్కడా ఉండదు. మూసివేత పరిహారం కింద ఏడాది సర్వీసుకు 15 రోజుల సగటు వేతనం చొప్పున ఇవ్వాలని 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం చెప్పింది. 2025 నవంబరులో దాని స్థానంలో అమలులోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల స్మృతి కూడా అదే చెబుతోంది. అయితే సంవత్సరంలో 240 రోజులు పనిచేసి ఉండాలి. పత్తి కాలానికి మాత్రమే వచ్చే కూలీలకు అన్ని పనిదినాలు కలిసి రావడం కష్టం.

ఊరిలోని గోదాము మండపంగానో మాల్‌గానో మారుతుంటే దాని అనుమతులను పౌరులెవరైనా అడగవచ్చు. సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల రుసుముతో పురపాలక సంఘం నుంచి ప్లాను నకలును, జిల్లా అగ్నిమాపక కార్యాలయం నుంచి నిరభ్యంతర పత్రం నకలును కోరవచ్చు. 30 రోజుల్లోగా సమాధానం రావాలి. ప్లానులో ముందుగా చూడవలసింది బయటకు తెరుచుకునే తలుపులు ఎన్ని, అవన్నీ ఒకే వైపున ఉన్నాయా అన్నది.