చలికాలపు తుఫాను: గాలి లెక్క వేరు, వాన లెక్క వేరు

హైదరాబాద్ ఏ.ఎస్. రావు నగర్‌లో కోస్తాతో బంధుత్వాలున్న ఇళ్లకు కొదవ లేదు, పిల్లలు విదేశాల్లో ఉన్న ఇళ్లకూ లేదు. బంగాళాఖాతంలో వాయుగుండం అంటే బాపట్లకు ఫోన్లు, ఐర్లాండ్‌లో గాలి తుఫాను అంటే డబ్లిన్‌కు ఫోన్లు. ఆ తర్వాత పార్కులో రెండింటినీ కలిపేసి, ‘భూమి వేడెక్కుతోందిగా, ఇక అన్నిచోట్లా గాలులే’ అని తేల్చేస్తారు.

అపోహ: భూమి వేడెక్కితే గాలి తుఫానులన్నీ పెరుగుతాయి.

గాలిని నడిపేది వేడి కాదు, వేడిలోని తేడా. బ్రిటన్, ఐర్లాండ్‌లను చలికాలంలో కొట్టే తుఫానులకు బలం ధ్రువ ప్రాంతపు చలికీ, ఉష్ణమండలపు వెచ్చదనానికీ మధ్య ఉన్న తేడా నుంచి వస్తుంది. 1979 తర్వాత ఆర్కిటిక్ ప్రపంచ సగటు కంటే దాదాపు నాలుగు రెట్లు వేగంగా వేడెక్కింది. అంటే నేలకు దగ్గరి పొరల్లో ఆ తేడా తగ్గుతోంది. విమానాలు తిరిగే ఎత్తులో మాత్రం ఉష్ణమండలమే ఎక్కువ వెచ్చబడి తేడా పెరిగే అవకాశం ఉంది. పైగా గాలిలో ఆవిరి ఎక్కువైతే, మేఘం కట్టేటప్పుడు విడుదలయ్యే వేడి తుఫానుకు ఊతమిస్తుంది. ఒకటి వెనక్కి లాగుతుంటే రెండు ముందుకు తోస్తున్నాయి. అందుకే ఐరాస వాతావరణ నిపుణుల సంఘం (ఐపీసీసీ) 2021 నివేదిక ఈ తుఫానుల సంఖ్యలో ప్రపంచవ్యాప్తంగా పెద్ద మార్పు ఉండదంటూనే, దారులు మారవచ్చనీ, వాటితో పడే వాన పెరుగుతుందనీ అంటోంది.

2025 జనవరి 24న ఎయోవిన్ తుఫానులో ఐర్లాండ్ పడమటి తీరాన మేస్ హెడ్ వద్ద గాలి గంటకు 183 కి.మీ. వేగాన్ని అందుకుని 1945 నాటి రికార్డును దాటింది. 80 ఏళ్ల కిందటే దాదాపు అంత గాలి వీచిందని కూడా ఆ రికార్డే చెబుతోంది. ఒక్క తుఫానును చూపించి ఎటువైపూ తీర్పు చెప్పలేం.

అపోహ: వాళ్ల తుఫానూ మన తుఫానూ ఒకటే.

కాదు. మనది సముద్రపు వేడిని తాగి బతికేది. నీరు సుమారు 26.5 డిగ్రీలైనా ఉండాలి. జూలై, ఆగస్టుల్లో నీరు వెచ్చగానే ఉంటుంది కానీ, రుతుపవనాల వేళ కిందిగాలి ఒకవైపు, పైగాలి మరోవైపు వీచి తుఫాను గోపురాన్ని నిలవనివ్వవు. అక్టోబరు నుంచి ఆ అడ్డు తగ్గుతుంది. దివిసీమ ఉప్పెన 1977 నవంబరు 19న, కార్తీకంలో వచ్చింది. కోనసీమ తుఫాను 1996 నవంబరులో, మిచౌంగ్ 2023 డిసెంబరు 5న. సముద్రం వేడెక్కితే వీటికి మేత నేరుగా పెరుగుతుంది. అయినా పెరుగుతున్నది సంఖ్య కాదు, మొత్తంలో బలమైనవాటి వాటా.

అపోహ: దివిసీమను మించింది రాలేదు, వాతావరణ మార్పు ఉత్తమాట.

దివిసీమలో సుమారు పది వేల మంది పోయారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ సుమారు 180 కి.మీ. గాలులతో విశాఖను చావగొట్టినా ప్రాణనష్టం అందులో చిన్న వంతు. ఈ తేడా గాలి వల్లే వచ్చింది కాదు. ముందస్తు హెచ్చరికలు, జనాన్ని తరలించడం మెరుగయ్యాయి. మృతుల లెక్కతో తుఫాను బలాన్ని కొలవడం ఎప్పుడూ తప్పే.

అపోహ: సముద్రం మనకు చాలా దూరం, తుఫానుతో మనకేం పని?

గాలి వరకు ఈ మాట చాలామటుకు నిజమే. తీరం దాటగానే ఆవిరి అందక, నేల రాపిడికి తుఫాను నీరసపడుతుంది. వాన అలా కాదు. 2020 అక్టోబరు 13న కాకినాడ దగ్గర తీరం దాటింది తుఫాను కూడా కాదు, పేరైనా పెట్టని తీవ్ర వాయుగుండం. ఆ రోజే ఘట్‌కేసర్‌లో 32 సెంటీమీటర్ల వాన కురిసింది. ఈసీఐఎల్ చౌరస్తాకు అదెంత దూరం? 2025 అక్టోబరు 28 రాత్రి నర్సాపురం దగ్గర తీరం దాటిన మోంథా, మర్నాడు వరంగల్, హనుమకొండ వీధులను ముంచింది. ఉష్ణోగ్రత ఒక్క డిగ్రీ పెరిగితే గాలి సుమారు 7 శాతం ఎక్కువ ఆవిరిని పట్టుకోగలదు. ఆ 32 సెంటీమీటర్లూ భూతాపం పుణ్యమే అనలేం. కానీ గాలి విషయంలో ఉన్నంత తర్జనభర్జన వాన విషయంలో లేదు.

మరి కాలనీలో గుల్మొహర్ కొమ్మలు విరిచి, ఫ్లెక్సీలు చింపి, మేడమీది రేకులు లేపేది ఎవరంటే, ఏప్రిల్, మే నెలల సాయంత్రపు ఉరుముల మేఘం. అందులోంచి చల్లగాలి ఒక్కసారిగా నేలకు దిగి నలువైపులా పరుచుకుంటుంది. అరగంట అల్లరి, తర్వాత కరెంటు కోత. డిసెంబరు, జనవరిల్లో ఇక్కడ గాలి చాలా రోజులు మందకొడిగా ఉంటుంది. పొద్దున పొగ పైకి పోలేక కాప్రా చెరువు మీదే వేలాడుతుంటుంది.

కాబట్టి ట్యాంకు మూతలు, రేకులు కట్టుకోవాల్సింది ఉగాది నాటికి. సెల్లారులో నీళ్లు తోడే మోటారును మాత్రం దసరా లోపే ఒకసారి నడిపి చూడాలి.