ఉప్పునీటి రొయ్యల చెరువులు - అనుమతిపత్రము

సముద్రతీరమునను ఉప్పుటేరుల వెంబడిని మాగాణి గల మన సభ్యులు కొందఱు మమ్ము తఱచుగా నడుగు ప్రశ్న యిది: "మా పొలము ప్రక్కను రొయ్యల చెరువు త్రవ్వుచున్నారు. దీనికి అడ్డు గలదా?" మఱికొందఱు తామే చెరువు త్రవ్వింపనెంచి, "పట్టాభూమి మాది గదా, ఒకరి అనుమతి యేల?" అని యందురు. ఉప్పునీరు గట్టుతో నాగునది కాదు. కావుననే చెరువు త్రవ్వు విషయము భూమి గలవాని యిష్టమునకు మాత్రమే విడువబడలేదు.

కొన్ని సంవత్సరముల క్రిందట మేమొక తీరగ్రామమున వరిచేలు చూడబోయితిమి. ఊడ్చిన యిరువది దినములకే ఆకుకొనలు తెల్లబడి యెండుచుండెను. రైతు తెగులని తలచి రెండుసార్లు మందు కొట్టియుండెను. చేనంతయు తిరిగి చూడగా ఒక గట్టు వెంబడి మళ్లలో పైరు పూర్తిగా పోయినది. దూరమైన కొలది పచ్చగా నున్నది. ఆ గట్టు కావల ఉప్పునీటి చెరువు గలదు. ఊటనీరే కారణము. వరి లేతప్రాయమునను పూతవేళను ఉప్పునకు తాళలేదు. ఉప్పులోని సోడియము బంకనేలను పట్టినచో మన్ను గుల్లదనము కోల్పోయి నీరింకనీయదు. జిప్సము వేసి మంచినీట కడుగవచ్చును గాని, ప్రక్కను చెరువు నిండియుండి మురుగు పోవుటకు దారి లేనప్పుడు ఆ ఖర్చు వ్యర్థము. ఆ చెరువునకు అనుమతిపత్రము లేదని పిమ్మట తెలిసినది.

ఇట్టి బాధ తీరమందంతటను పుట్టినదే. తమిళదేశపు సర్వోదయ నాయకులు శ్రీ ఎస్. జగన్నాథన్ గారు 1994లో సుప్రీముకోర్టున వ్యాజ్యము వేసిరి. 1996 డిశెంబరు 11వ తేదీని వెలువడిన తీర్పు, పూర్వపద్ధతి చెరువులను మినహాయించి, తీరనియంత్రణ మండలములోని రొయ్యల చెరువులను తొలగింపవలెనని యాజ్ఞాపించెను. నష్టము చేసినవారే పరిహారమియ్యవలెనని కూడ చెప్పెను. కాని ఆ యాజ్ఞ పూర్తిగా అమలు జరుగలేదు. 2005లో కేంద్ర ప్రభుత్వము తీరప్రాంత జలకృషి ప్రాధికార సంస్థ చట్టమును చేసినది. సముద్రము, నదులు, ఏరులు, వెనుకనీళ్లు - వీని పోటురేఖనుండి 2 కిలోమీటరుల లోపల ఉప్పునీటి చెరువు నడుపువారెల్లరు ఆ సంస్థయొద్ద రిజిస్టరు చేయించుకొనవలెను. పత్రము 5 సంవత్సరములు చెల్లును. పిమ్మట మరల దరఖాస్తు పెట్టుకొనవలెను. 2 హెక్టారులకు, అనగా సుమారు 5 ఎకరములకు, మించిన చెరువైనచో పరిసరములకు హాని లేదని విచారించిన పిమ్మటనే పత్రమిత్తురు.

మన రైతులు జ్ఞాపకముంచుకొనవలసినవి దూరములు. 2005 నాటి మార్గసూచనల ప్రకారము చెరువునకును సమీపపు సాగుభూమికిని నడుమ నేలనుబట్టి 50 మొదలు 100 మీటరులు, త్రాగునీటి వనరునకు 100 మీటరులు విడువవలెను. 500 జనులకు లోబడిన గ్రామమునకు 100 మీటరులు, అంతకు మించినదానికి 300 మీటరులు ఎడముండవలెను. మడయడవులను, సాగుభూములను, ఉప్పుకొటారులను చెరువులుగా మార్చరాదు. వఱదనీరు పోవు కాలువకు అడ్డముగా గట్టు వేయరాదు. ఇసుకనేలలో 50 మీటరులు చాలవని మా యభిప్రాయము. చెరువునకును చేనికిని నడుమ లోతైన మురుగుకాలువ గూడ త్రవ్వించుట మేలు.

మంచినీటి చేపల చెరువులకు వేరు శాసనము గలదు. ఆంధ్రప్రదేశమున 2020లో రాష్ట్ర జలకృషి అభివృద్ధి ప్రాధికార సంస్థ చట్టము వచ్చినది. కొల్లేటివారికి ఈ మాటలు క్రొత్తవి కావు. 1999లో అయిదవ కాంటూరు వఱకు అభయారణ్యముగా ప్రకటింపబడిన యా సరస్సులో, 2006లో అనేకములగు చెరువుగట్లు తెగగొట్టబడినవి. అప్పుచేసి గట్లు పోసినవారు ఆ సొమ్ము పోగొట్టుకొనిరి.

పత్రము లేకుండ నడిపినవారికి 2005 చట్టము 3 సంవత్సరముల వఱకు చెఱను, లక్ష రూపాయల వఱకు జుల్మానాను విధించుచుండెను. 2023 సవరణ చెఱను తీసివేసి ధనదండనను నిలిపినది. అంతమాత్రమున భయము లేదని తలపరాదు. చెరువు నాపించుటకును, కట్టడములను తీయించుటకును అధికారము గలదు.

భూమిని కౌలున కిచ్చువారికి ఒక మాట. ఎకరమునకు వచ్చు కౌలు వరిమీద రానంత యుండుట నిజమే. కాని కౌలు ముగిసిన నాడు కౌలుదారు వెడలిపోవగా నేలలోని యుప్పు మీకే మిగులును. కావున కౌలుపత్రములో రిజిస్ట్రేషను సంఖ్యను వ్రాయించుకొనుడు. మురుగునీటిని పంటకాలువలోనికి వదలరాదనియు, గడువు తీరినపుడు నేలను కడిగించి యియ్యవలెననియు షరతులు పెట్టుడు.

దరఖాస్తు మత్స్యశాఖవారి ద్వారా పెట్టవలెను. వ్రాతకు సాయము కావలసిన సభ్యులు భూమిహక్కు పత్రమును, కౌలైనచో కౌలుపత్రమును, సమీపపు బావులు, చేలు, కాలువలు గుర్తించిన గ్రామపటమును వెంట దెచ్చుకొని మమ్ము కలిసికొన వచ్చును. పొరుగుచెరువువలన చేను చెడినవారు పైరు చచ్చిన మళ్లనుండియు, పచ్చగానున్న మళ్లనుండియు వేర్వేరుగా మన్ను తీసి, సంచులపై సర్వే నంబరు వ్రాసి తేవలెను.