బద్ధకం కూడా తెలివే!

పిల్లలూ! ఇంట్లో "బద్ధకం" అంటే తిట్టు. కంప్యూటర్ ప్రోగ్రామింగులో మాత్రం "లేజీ ఎవాల్యుయేషన్" ఒక మంచి పద్ధతి పేరు. 1990లో వెలువడిన హాస్కెల్ అనే భాష దీని మీదే నడుస్తుంది.

మనం పిండి రుబ్బి సిద్ధంగా ఉంచుకుంటాం, దోసె మాత్రం అడిగినప్పుడే వేస్తాం కదా! ఇదీ అంతే. హాస్కెల్‌లో 1, 2, 3 అంటూ అంతులేని సంఖ్యల వరుసను రాయవచ్చు. అందులోంచి మొదటి 5 సరి సంఖ్యలు ఇమ్మంటే, 10 దాకా మాత్రమే లెక్కించి ఆగిపోతుంది. ఆ వరుసకు మనం పేరు పెట్టి ఉంచుకుంటే, మళ్ళీ అడిగినప్పుడు దాచిన జవాబే ఇస్తుంది.

ఒక్క జాగ్రత్త! "20 కంటే చిన్నవన్నీ ఏరి ఇవ్వు" అన్నామా, 19 దాకా ఇచ్చి, ఇంకా ఉన్నాయేమోనని ఎప్పటికీ వెతుకుతూనే ఉంటుంది. ముందున్నవన్నీ పెద్దవేనని దానికి తెలియదు మరి! "20 రాగానే ఆగు" అంటే ఠక్కున ఆగుతుంది.

కనుక లెక్కించడంలో యంత్రం బద్ధకించవచ్చు. ఎంత కావాలో, ఎక్కడ ఆగాలో ఆలోచించడంలో మాత్రం మనం బద్ధకించకూడదు!