బొమ్మ విమానాల మైదానంలో కొత్తవాడు

ఇంటికి అతిథి వస్తే కాళ్ళకు నీళ్ళిచ్చి పీట వేయడం మన ఆచారం. ఒక విద్యను నేర్వవచ్చిన కొత్తవానికి ఇటువంటి మర్యాద అన్ని చోట్లా లభించదు. సంగీత సభలోనైనా, చదరంగపు బల్ల వద్దనైనా, పాతవారు కొత్తవానిని ఒకసారి ఎగాదిగా చూచి గాని పలకరించరు. రేడియో తరంగాలతో చిన్న విమానాలను ఎగురవేసే ఔత్సాహికుల మీద కూడా ఇట్టి అపవాదు ఒకటి ఉన్నది. వారు కొత్తవారిని దరిజేరనీయరనీ, కుశలప్రశ్నకు ముందే నిబంధనలు వల్లిస్తారనీ, తమ విమానాలను 'బొమ్మ' అంటే చాలు ముఖం చిట్లిస్తారనీ అంటారు. ఈ అపవాదులో నిజమెంత?

ఈ విద్య బాగా వేళ్ళూనిన దేశాలలో అమెరికా ఒకటి. 1930ల చివర అక్కడ వాల్టర్ గుడ్, విలియం గుడ్ అనే కవల సోదరులు రేడియోతో నడిపిన 'గఫ్' అనే విమానం నేడు స్మిత్సోనియన్ సంగ్రహాలయంలో భద్రంగా ఉన్నది. 1936లో స్థాపితమైన అకాడమీ ఆఫ్ మోడల్ ఏరోనాటిక్స్ ఇండియానా రాష్ట్రంలోని మన్సీ పట్టణం కేంద్రంగా నేటికీ పనిచేస్తున్నది. కనుక కొత్తవాని స్థితిని అక్కడి మైదానాలలో పరిశీలించడం సముచితం.

ఆ మైదానాలలోని కాఠిన్యానికి ఒక చరిత్ర ఉన్నది. ఈ శతాబ్దపు తొలి సంవత్సరాల వరకు అక్కడి విమానాలు ఎక్కువగా 72 మెగాహెర్ట్జ్ ప్రాంతపు తరంగాలపై నడిచేవి. ఆ ప్రాంతాన్ని చిన్న చిన్న ఛానళ్ళుగా విభజించి పంచుకునేవారు. ఒకని విమానం ఆకాశంలో ఉండగా, అదే ఛానలుపై మరొకడు తన ట్రాన్స్‌మిటరు మీట నొక్కితే, మొదటివాని విమానం అదుపు తప్పి నేలకూలేది. అందువల్ల మైదానంలో ఒక పలకకు ఛానళ్ళ అంకెలు గల బిళ్ళలు తగిలించేవారు. బిళ్ళ చేతికి రానిదే మీట ముట్టరాదు. కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్లు, ఈ సంగతి తెలియనివాడు ఉత్సాహం కొద్దీ మీట నొక్కితే, మరొకడు నెలల తరబడి బాల్సా కర్రను కోసి, అతికి, నునుపు చేసిన శ్రమ క్షణంలో మట్టిపాలయ్యేది. అటువంటి చోట పాతవాడు 'ఆగు!' అని కేకవేస్తే దానిని అహంకారమనడం న్యాయం కాదు. 2.4 గిగాహెర్ట్జ్ పరికరాలు వ్యాపించిన తరువాత ఈ చిక్కు తొలగిపోయినది. బిళ్ళల అవసరం తీరినది గాని, కేకవేసే అలవాటు కొందరిలో మిగిలిపోయినది.

ఇక విద్యను గూర్చి. విమానం మనకు దూరంగా పోతున్నంతసేపు దాని కుడి మన కుడియే. అది మరలి మనవైపు వచ్చేటప్పుడు కుడియెడమలు తారుమారవుతాయి. పుస్తకం చదివినంత మాత్రాన ఈ తికమక తీరదు. సాధారణంగా తొలి విమానాలు పగిలేది ఇక్కడనే. దీనికి పెద్దలు కనిపెట్టిన ఉపాయం ముచ్చటైనది. గురుశిష్యుల ట్రాన్స్‌మిటర్లను ఒక తీగతో గాని, నేడు తీగ లేకుండా గాని జతపరుస్తారు. గురువు ఒక మీటను నొక్కిపట్టినంతసేపూ విమానం శిష్యుని అధీనంలో ఉంటుంది. శిష్యుడు తడబడితే గురువు వేలు తీస్తాడు. ఆ క్షణాననే విమానం గురువు వశమవుతుంది. శిష్యుని చేతిలోనిది లాగుకోవలసిన పని లేదు, కసరవలసిన పని అంతకన్నా లేదు. క్లబ్బులలో ఈ శిక్షణ సాధారణంగా ఉచితం. అంటే, ఆదివారమంతా తన విమానాన్ని పెట్టెలోనే ఉంచి పరాయి పిల్లవాని విమానాన్ని కాపాడే మనిషి అక్కడ ఉన్నాడన్నమాట. అతనిని చూచిన తరువాత ఆ సమాజాన్ని ఆదరణ లేనిదనగలమా?

అయితే అందరూ అట్టివారు కారు. స్వయంగా విమానం నిర్మించుకున్నవాడే అసలైనవాడనీ, దుకాణంలో తయారైన నురుగు విమానాన్ని కొనితెచ్చినవాడు అల్పుడనీ భావించేవారు ఉన్నారు. నాలుగు పంకాల డ్రోనుతో వచ్చినవానిని అంటరానివానిగా చూచేవారూ లేకపోలేదు. డ్రోన్ల రద్దీతో నిబంధనలు బిగిసినవన్న బాధ ఇందుకు కొంత కారణం. 2015 నుండి అక్కడి ప్రభుత్వం 250 గ్రాములు మించిన విమానాలు ఎగురవేసేవారు నమోదు కావాలన్నది. తరువాత ఒక ఉచిత పరీక్ష కూడా చేరినది. ఆ బాధ అర్థం చేసుకోదగినదే. కాని ప్రభుత్వం మీది కోపం పదునాలుగేళ్ళ కుర్రవానిపై చూపడం ఏమి ధర్మం?

మన దేశంలో ఎన్.సి.సి. వైమానిక విభాగపు శిక్షణలో విమాన నమూనాల విద్య ఒక భాగం. అఖిల భారత వాయు సైనిక శిబిరంలో ఇందులో పోటీలు జరుగుతాయి. తెలుగునాట ఆ విభాగంలో చేరిన విద్యార్థులకూ ఈ ద్వారం తెరిచియే ఉన్నది. అక్కడ నేర్పడం శిక్షకుని విధి. కొత్తవాడు ఎవరి దయకూ ఎదురుచూడనక్కరలేదు. క్లబ్బులో నేర్పడం కేవలం ఇష్టం. అందుచేతనే అక్కడి ఆదరణకు విలువ ఎక్కువ, అక్కడి నిరాదరణకు గాయం ఎక్కువ.

కాఠిన్యం వేరు, తిరస్కారం వేరు. తిరుగుతున్న పంకా వ్రేళ్ళను తెగగొట్టగలదు గనుక దూరంగా నిలువుమనడం కాఠిన్యం. ఎందుకని అడిగినవానికి బదులు చెప్పకపోవడం తిరస్కారం. నియమంతో పాటు కారణమూ చెప్పే పెద్ద ఒక్కడున్నా, ఆ మైదానానికి కొత్తవాడు మరునాటి ఆదివారం తప్పక తిరిగి వస్తాడు. అతడు రాకపోతే, నేటి పెద్దల తరువాత అక్కడ గడ్డి మాత్రమే మిగులుతుంది.