అరచేతిలో గోకూ

పోరాట ఆటలో బొమ్మ అందం తర్వాతి సంగతి. ముందు చూసుకోవాల్సింది సమయం. ఇలాంటి ఆటల్లో తెర సెకనుకు 60 సార్లు మారడం ఆనవాయితీ. అంటే ఒక్కో మార్పుకు (దాన్నే ఫ్రేము అంటారు) దొరికేది 17 మిల్లీసెకన్ల లోపే. ఆలోపే యంత్రం ఎవరు ఏ బటన్ నొక్కారో చూడాలి, ఇద్దరు యోధులూ ఎక్కడున్నారో లెక్కగట్టాలి, దెబ్బ తగిలిందో లేదో తేల్చాలి, మొత్తం గీసి చూపాలి. గోడకున్న ప్లగ్గులోంచి కరెంటు తీసుకునే పెద్ద పెట్టెకు ఇది పెద్ద పని కాదు. బ్యాటరీతో నడిచే, చేతిలో ఇమిడే యంత్రానికి మాత్రం గట్టి పరీక్షే. సోనీ వారి పీఎస్పీ కోసం 2006లో వచ్చిన 'డ్రాగన్ బాల్ జీ: షిన్ బుడోకాయ్' ఆ పరీక్ష నెగ్గిందని నా నమ్మకం.

ఈ ఆట నాయకుడైన గోకూ కథను అకిరా తొరియామా 1984 నుంచి 1995 దాకా జపాన్ వారపత్రికలో బొమ్మల సీరియల్‌గా గీశారు. 'డ్రాగన్ బాల్ జీ' యానిమే (జపాన్ కార్టూన్ సీరియల్) 1989లో మొదలైంది. మన పిల్లలకు గోకూ, అతని ప్రత్యర్థి వెజిటా పరిచయమైంది కార్టూన్ నెట్‌వర్క్ ద్వారా. పీఎస్పీ ఆటను తయారుచేసింది ఒసాకాలోని డింప్స్ సంస్థ. దాన్ని 2000లో స్థాపించిన తకాషి నిషియామా అంతకుముందు 1987 నాటి తొలి 'స్ట్రీట్ ఫైటర్'కు దర్శకుడు. పోరాట ఆటల వ్యాకరణం తెలిసిన చేయి అది.

ఆ చేతికి దొరికిన పీఎస్పీ 2004 డిసెంబరులో జపాన్‌లో విడుదలైంది. 4.3 అంగుళాల తెర, 32 మెగాబైట్ల మెమరీ. ప్రాసెసర్‌కు 333 మెగాహెర్ట్జ్ వేగం అందుకునే సత్తా ఉన్నా, బ్యాటరీ త్వరగా అయిపోకుండా సోనీ ఆటలకు 222 దాకానే అనుమతించింది. ఆ పట్టు సడలింది 2007లో. అంటే షిన్ బుడోకాయ్ వచ్చినప్పుడు ఇంకా కళ్లెం వేసే ఉంది. పైగా ఆట ఉండేది 60 మిల్లీమీటర్ల యూఎండీ డిస్కు మీద. అది గిర్రున తిరుగుతూ డేటా అందించేసరికి ఆలస్యమయ్యేది. పోరు మధ్యలో డిస్కు కోసం ఎదురుచూడటం కుదరదు కాబట్టి ఇద్దరు యోధులనూ, రంగస్థలాన్నీ ముందే మెమరీలోకి ఎక్కించుకోవాలి.

నాకు మరీ ముచ్చటగా అనిపించేది దెబ్బ లెక్క. గోకూ ఒళ్లంతా చిన్న చిన్న త్రికోణాలతో అల్లిన బొమ్మ. పిడికిలి త్రికోణాలు ఎదుటివాడి ఛాతీ త్రికోణాలకు తగిలాయా అని ఒక్కొక్కటీ చూస్తూ కూర్చుంటే ఆ కాస్త సమయం చాలదు. అందుకే పోరాట ఆటల్లో శరీరం చుట్టూ కంటికి కనపడని డబ్బాలు తొడుగుతారు. కొట్టే డబ్బా, దెబ్బ తినే డబ్బా ఒకదాని మీదొకటి పడితే దెబ్బ తగిలినట్టు. ఆ కొట్టే డబ్బా కూడా ఉండేది క్షణకాలమే. చూసి స్పందించడానికి మనిషికి సుమారు 200 మిల్లీసెకన్లు పడుతుంది, అంటే 12 ఫ్రేములు. అంతకంటే వేగంగా వచ్చే గుద్దును చూసి ఆపడం ఎవరి తరమూ కాదు, ముందే పసిగట్టాలి. ఈ ఆటలో ఆడేవాళ్ల తెలివి బయటపడేది అక్కడే.

బటన్ల విషయంలోనూ డింప్స్ వాళ్లు మంచి నిర్ణయం తీసుకున్నారు. పీఎస్పీ దిశల బటన్లు నాలుగూ విడివిడిగా ఉంటాయి. వాటి మీద బొటనవేలిని వంపుగా తిప్పడం కష్టం. ఇక్కడ ఒక దిశ, ఒక బటన్ కలిపి నొక్కితే చాలు, గోకూ శక్తి కిరణం కమేహమేహా దూసుకుపోతుంది.

ఇద్దరు ఆడాలంటే అంతకుముందు గేమ్ బాయ్ అడ్వాన్స్ యంత్రాలను కేబుల్‌తో కలపాల్సి వచ్చేది. పీఎస్పీలో ఆ తాడు తెగింది. రౌటర్ లేకుండానే దగ్గర్లో ఉన్న రెండు యంత్రాలు వైఫైతో నేరుగా మాట్లాడుకుంటాయి.

పీఎస్పీకి హైదరాబాద్‌తోనూ చుట్టరికం ఉంది. మన గేమ్‌శాస్త్ర సంస్థ 2009లో 'దేశీ అడ్డా' అనే ఆటను సోనీ ఇంటి యంత్రం పీఎస్2తో పాటు పీఎస్పీకీ తయారుచేసింది. కబడ్డీ, గిల్లీదండా, గాలిపటాలు అందులో ఉన్నాయి. అదే ఏడాది ఇదే నగరానికి చెందిన అరోనా సంస్థ 'హనుమాన్: బాయ్ వారియర్'ను పీఎస్2కు అందించింది. ఆ దారి అక్కడితో ఆగకుండా ఉంటే మన జానపద వీరులకూ ఇలాంటి పోరు దక్కేదని నాకు ఇప్పటికీ బెంగ.

2014లో పీఎస్పీ సరఫరా ఆగింది. ఆట మాత్రం ఆగలేదు. హెన్రిక్ రిడ్‌గార్డ్ 2012లో మొదలుపెట్టిన 'పీపీఎస్ఎస్‌పీపీ' అనే ఎమ్యులేటర్, పీఎస్పీ ప్రాసెసర్ ఆదేశాలను అప్పటికప్పుడు ఫోన్ ప్రాసెసర్ భాషలోకి మారుస్తుంది. లాలాగూడ నుంచి తార్నాక మీదుగా ఉస్మానియా క్యాంపస్‌కు వెళ్తే, చెట్ల కింద ఫోన్ అడ్డంగా పట్టుకుని ఆడుతున్న విద్యార్థులు కనిపిస్తారు.

ఫోన్‌కు పీఎస్పీని మించిన శక్తి ఉంది, లేనిది బటన్ అంచు. నున్నటి గాజు మీద బొటనవేలు ఎక్కడుందో వేలికే తెలియదు. వేలి వైపు చూపు మళ్లిన ఆ క్షణంలో పది ఫ్రేములు గడిచిపోతాయి, వెజిటా గుద్దేస్తాడు. అందుకే పట్టుదలగా ఆడేవాళ్లు ఫోన్‌కు బ్లూటూత్ కంట్రోలర్ తగిలించుకుంటున్నారు.